ముసలి అబూ రూమీ చేసిన తర్జుమా

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 8:26–40



గాజాకు పోవు త్రోవలో రథముమీద కూర్చుండి యెషయా గ్రంథము చదువుచున్న ఐతియొపీయుని మీరెరుగుదురు. ఆయన చదువు నేర్చినవాడే. గ్రంథము చేతిలోనే యున్నది. అయినను విప్పి చెప్పువాడు లేక అర్థము తెలియలేదు. ఆయన సేవించిన కందాకే రాజ్యము నేటి సూడాను దేశములోని మెరోయె యని పండితులందురు. దానికి ఆగ్నేయమున కొండలమీద నున్నది నేటి ఇతియోపియా. అక్కడి క్రైస్తవులును బహుకాలము ఇట్టి చిక్కులోనే యుండిరి.

4వ శతాబ్దములో ఆ దేశపు రాజైన ఏజానా క్రీస్తును అంగీకరించెను. తరువాత లేఖనములు గీజు భాషలోనికి వచ్చెను. కాలము గడచినకొలది గీజు జనుల నోటనుండి తొలగి, దేవాలయములోను గ్రంథములలోను మాత్రమే నిలిచెను. ఇంటను, సంతలోను, రాజు కొలువులోను అమ్హరిక్ మాటలాడెడివారు. రాజులను పొగడు పాటలు కొన్ని 14వ శతాబ్దమునుండి ఆ భాషలో నున్నవి గాని, పెద్ద గ్రంథము వ్రాయవలెనన్న గీజులోనే వ్రాసెడివారు. లిపి మాత్రము రెంటికిని ఒక్కటే. మన గుణింతమువలెనే అందును ప్రతి హల్లు అచ్చునుబట్టి రూపు మారును. ఒక్కొక్క దానికి 7 రూపములు.

ఇక తర్జుమా సంగతి. అబూ రూమీ అను ఇతియోపియా క్రైస్తవుడు 1750 ప్రాంతమున పుట్టి, యౌవనమందే దేశము విడిచి యెరూషలేము, సిరియా, పారసీకము తిరిగెను. మన దేశమునకును వచ్చి, కలకత్తాలో సర్ విలియం జోన్సుకు తన దేశపు సంగతులు తెలిపెనని చెప్పుదురు. తుదకు కైరో పట్టణములో జబ్బుపడి దిక్కులేక యుండగా, అస్సెలిన్ అను ఫ్రెంచి ఉద్యోగి ఆయనను చేరదీసెను. ఈ అస్సెలిన్ మిషనెరీ కాడు, భాషలయందు ఆసక్తిగల పండితుడు. దేవుడు వాడుకొనువారందరు మనము ఎంచుకొనువారే కారు.

ఇరువురును వారమునకు రెండు దినములు, మంగళవారమును శనివారమును, తలుపు మూసికొని కూర్చుండెడివారు. అరబీ బైబిలు ఒక్కొక్క వచనము మెల్లగా చదువుట, కఠినమైన మాట వచ్చినచోట హెబ్రీ, సురియాని, గ్రీకు ప్రతులు చూచి అస్సెలిన్ అర్థము చెప్పుట, ముసలివాడు దానిని తన తల్లిభాషలో వ్రాయుట, ఇదే పని. 1808 మొదలు 1818 వరకు పది సంవత్సరములు ఈ విధముగా సాగెను. ముగియునప్పటికి 9,539 పుటలు. అదియంతయు ఆయన చేతి వ్రాతయే!

1819లో తెగులు వచ్చి అబూ రూమీ కైరోలో మరణించెను. అచ్చుపుట ఒక్కటియు ఆయన చూడలేదు. మరుసటి యేట చర్చి మిషనెరీ సొసైటీకి చెందిన విలియం జోవెట్టు ఆ వ్రాతప్రతిని 1,250 పౌనులకు బైబిలు సొసైటీ కొరకు కొనెను. 1824లో సువార్తలు నాలుగును, 1829లో క్రొత్త నిబంధనయు, 1840లో బైబిలంతయు అచ్చుపడెను.

దానిని ఆ దేశములోనికి కొనిపోవుట సులభము కాలేదు. 1830లో గోబా, కూగ్లర్ అనువారు వెళ్లిరి. కూగ్లర్ ఆ యేడే అక్కడ చనిపోయెను. ఇసెన్‌బర్గు 1838లో అద్వా పట్టణమునుండి వెళ్లగొట్టబడెను. అక్కడి యాజకులకు పరదేశుల బోధ యనిన అనుమానము. వారి సంఘము మన మిషనులకంటె ఎంతో పాతది గనుక వారిని తేలికగా నిందింపరాదు. ఇసెన్‌బర్గు 1841లో అమ్హరిక్ నిఘంటువును, మరుసటి యేట వ్యాకరణమును ప్రచురించి, పిమ్మట బొంబాయికి వచ్చి పని చేసెను.

అబూ రూమీ మాటలు కొన్ని చోట్ల మోటుగా నున్నవని, అరబీ పోకడ కలదని తరువాతివారు దిద్దిరి. ఆయినను 1960 ప్రాంతమున, హైలే సెలాసీ చక్రవర్తి కాలములో, క్రొత్త తర్జుమా వెలువడువరకు ఇతియోపియా జనులు తమ భాషలో చదువుకొన్న బైబిలునకు మూలము ఆ ముసలివాని 9,539 పుటలే.