టూల్‌కిట్ వచ్చింది సరే, మాస్కు సంగతేంటి? వడ్రంగి లబ్ధిదారులకు సమాచారం

పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి వృత్తి కింద నమోదైన అన్నలకు, తమ్ముళ్లకు ఈ సమాచారం. ఇదే పథకంలోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ కూడా ఉంది. కాబట్టి కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక లాంటి చోట్ల చెక్కతో బొమ్మలు చేసేవాళ్లు కూడా చదవండి. దుమ్ము అందరికీ ఒకటే.

పథకంలో ఏమేం వస్తాయో మీకు తెలిసే ఉంటుంది. శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 స్టైపెండ్, పనిముట్లకు రూ.15,000 వరకు వోచర్, పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి మొదట రూ.లక్ష, అది సక్రమంగా కట్టాక రూ.2 లక్షల వరకు రుణం. వీటి గురించి ఇంతకు ముందే చెప్పుకున్నాం. ఈసారి మాట్లాడుకోబోయేది ఊపిరి గురించి.

మొన్నామధ్య ఒక లబ్ధిదారు షాపుకి ఫొటోల కోసం వెళ్లాను. ఆయన తలుపు మీద శాండర్ మెషిన్ నడుపుతున్నాడు. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. ముక్కుకి తువాలు కట్టుకున్నాడు. మొహం కనపడాలని ఆ తువాలు కూడా తీయించింది నేనే. ఫొటో బాగా వచ్చింది. తిరిగి వచ్చాక చొక్కా దులుపుకుంటే నా చొక్కా నుంచే అంత దుమ్ము రాలింది. మరి రోజూ అక్కడే ఉండే మనిషి సంగతి?

నాన్నగారి కాలం దుమ్ము వేరు

"మా నాయన నలభై ఏళ్లు చేశాడు, ఆయనకేం కాలేదు" అని చాలామంది అంటారు. కావచ్చు. ఆయన చేతిలో ఉన్నది రంపం, బాడిస, ఉలి, చిత్రిక. చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా పొట్టు వస్తుంది, చేతి రంపంతో కోస్తే రవ్వలాంటి పొట్టు రాలుతుంది. అందులో ఎక్కువ భాగం బరువుకి కాళ్ల దగ్గరే పడిపోతుంది. మెషిన్ అలా కాదు. కట్టర్, రౌటర్, ముఖ్యంగా శాండర్ చెక్కని మైదా పిండికన్నా మెత్తగా చేస్తాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే కణాలు 10 మైక్రాన్ల లోపు ఉంటాయి. అవి విడివిడిగా కంటికి కనపడవు, మెషిన్ ఆపాక కూడా చాలాసేపు గాలిలో తేలుతూనే ఉంటాయి. అంటే కంటికి కనపడే పొట్టు కన్నా కనపడనిదే ప్రమాదం.

చెక్క దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఎక్కువగా ముక్కులోను, ముక్కు పక్కనుండే గదుల్లోను వచ్చే క్యాన్సర్ ఇది. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఇది అరుదైన జబ్బే. కానీ దుమ్ము వల్ల వచ్చే ఆస్తమా, ఆగని తుమ్ములు, చర్మం మీద దద్దుర్లు అంత అరుదు కావు. టేకు దుమ్ము పడనివాళ్లు మీలోనే ఉంటారు. ఎండీఎఫ్, ప్లైవుడ్ కోసేటప్పుడు చెక్కతో పాటు వాటిలోని జిగురు కూడా దుమ్ముగా లేస్తుందని గుర్తుంచుకోండి.

తువాలు, నీలం మాస్కు ఎందుకు చాలవు

తువాలు నేత సందులు ఈ కణాల కన్నా ఎన్నో రెట్లు పెద్దవి. రెండు మడతలు వేసినా, తడిపి కట్టినా పెద్ద పొట్టు ఆగుతుందే గాని సన్నది ఆగదు. కరోనా రోజుల్లో వాడిన నీలం సర్జికల్ మాస్కు మన నోటి తుంపర్లు ఎదుటివాళ్ల మీద పడకుండా చేసింది. దాని పక్కల్లో ఖాళీ ఉంటుంది. గాలి ఎప్పుడూ సులువైన దారినే వస్తుంది కాబట్టి దుమ్ము ఆ ఖాళీలోంచే వస్తుంది.

కొనాల్సింది ఎన్‌95 గానీ, ఎఫ్ఎఫ్‌పీ2 గానీ. ఎన్‌95 అంటే 0.3 మైక్రాన్ల సైజు కణాల్లో కూడా కనీసం 95 శాతం ఆపగలిగేది. ఎఫ్ఎఫ్‌పీ2 అయితే 94 శాతం. మన పనికి రెండూ దాదాపు ఒకటే. ఎఫ్ఎఫ్‌పీ1 అని రాసి ఉంటే 80 శాతమే, శాండింగ్‌కి అది వద్దు. మన దేశంలో ఈ మాస్కుల ప్రమాణం ఐఎస్ 9473. ఆ నంబరు, ఐఎస్ఐ ముద్ర మాస్కు మీదో డబ్బా మీదో ఉన్నాయా అని చూసి కొనండి. ఏ ముద్రా లేకుండా ఊరికే "ఎన్‌95" అని అచ్చేసినవి బజారులో బోలెడు. మందంగా ఉందనో, ఐదు పొరలని రాశారనో మోసపోవద్దు.

ముందు భాగంలో చిన్న ప్లాస్టిక్ కవాటం ఉండే రకం తీసుకుంటే వదిలే గాలి బయటికి పోయి లోపల ఉక్క తగ్గుతుంది. ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద పనిచేసేవాళ్లకు అదే మేలని నా అభిప్రాయం. ఉక్కపోసి తీసి పక్కన పెట్టిన మాస్కు ఎంత మంచిదైతే ఏం లాభం?

అసలు కిటుకు మొహానికి అతుక్కోవడంలో ఉంది

ఎంత ఖరీదైన మాస్కయినా అంచు దగ్గర సందు ఉంటే తువాలుతో సమానం. అందుకే చెవులకు తగిలించేది కాకుండా తల వెనక రెండు పట్టీలు పట్టేది ఎంచుకోండి. పై పట్టీ తల వెనక పైభాగంలో, కింది పట్టీ మెడ వెనక చెవుల కింద ఉండాలి. రెండూ ఒకేచోట వేసుకుంటే బిగువు ఉండదు. ముక్కు మీది లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కి ముక్కు ఆకారానికి వంచండి. తర్వాత రెండు అరచేతులతో మాస్కుని కప్పి గట్టిగా గాలి పీల్చండి. మాస్కు కొంచెం లోపలికి లాగినట్టు అవ్వాలి. కవాటం లేనిదైతే గాలి వదిలి కూడా చూడండి. కళ్ల దగ్గరో చెంపల దగ్గరో చల్లగా గాలి తగిలితే సందు ఉన్నట్టే, మళ్లీ సర్దుకోండి. ఎంత సర్దినా కుదరకపోతే ఆ మోడల్ మీ మొహానిది కాదు, వేరేది చూడాలి.

గడ్డం ఉంటే ఈ మాస్కు అతుక్కోదు. రెండు రోజుల గరుకు గడ్డమైనా సరే. అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు ఆ 41 రోజులూ ఏం చేయాలని ఒక తమ్ముడు అడిగాడు, మంచి ప్రశ్న. వీలైతే ఆ రోజుల్లో శాండింగ్ పని గడ్డం లేని జతగాడికి అప్పగించి, మీరు కొలతలు, బిగింపులు చూసుకోండి. కుదరకపోతే మెషిన్ని ఆరుబయట పెట్టి, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి.

కడగొద్దు, మేకుకి తగిలించొద్దు

ఈ మాస్కుల వడపోత పొరలో స్థిర విద్యుత్తు ఉంటుంది, సన్నని దుమ్ముని పట్టేది అదే. సబ్బుతో ఉతికితే అది పోతుంది. చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది, పనిచేయదు. పని అయ్యాక షాపులో మేకుకి తగిలిస్తే లోపలి వైపు దుమ్ము చేరుతుంది, మర్నాడు నేరుగా దాన్నే పీలుస్తారు. కాగితం కవరులో పెట్టుకోండి. గాలి పీల్చడం కష్టమైనా, పట్టీ వదులైనా, లోపల మురికి పట్టినా, చెమటకు తడిసి ముద్దయినా పారేయండి. ఒకరిది ఒకరు వాడొద్దు.

రోజంతా మెషిన్ మీదే ఉండేవాళ్లకు రబ్బరు మాస్కు, మార్చుకునే ఫిల్టర్లు ఉన్న రకం నయం. మొదట ఖర్చు ఎక్కువే, కానీ మాస్కుని తుడిచి ఏళ్ల తరబడి వాడొచ్చు, ఫిల్టర్లు మార్చుకుంటే చాలు.

పాలిష్ చేసేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. థిన్నర్, మెలమైన్, పీయూ వాసనల్ని ఎన్‌95 ఆపదు, అది దుమ్ముకే. ఆ ఆవిర్లకు రబ్బరు మాస్కుకి "ఆర్గానిక్ వేపర్" క్యాట్రిడ్జ్ పెట్టాలి. ఆ క్యాట్రిడ్జ్ ఒక్కటే ఉంటే మళ్లీ దుమ్ము ఆగదు. స్ప్రే కొట్టేవాళ్లకు రెండూ కలిపి కావాలి.

మాస్కు కన్నా ముందు

శాండర్‌కి దుమ్ము బయటికి పోయే గొట్టం ఉంటుంది. చాలామంది దాన్ని ఊరికే వదిలేస్తారు. దానికి వాక్యూమ్ తగిలిస్తే దుమ్ము పుట్టిన చోటే చాలావరకు ఆగుతుంది. రుణంతో మెషిన్లు కొనేటప్పుడు దీన్ని కూడా లెక్కలో వేసుకుని బ్యాంకులో మాట్లాడండి. సాయంత్రం పొట్టు ఊడ్చే ముందు నీళ్లు చిలకరించండి, మాస్కు తీయకండి. కంప్రెసర్ గాలితో బట్టలు, బల్ల ఊదొద్దు. షాపు వెనకే ఇల్లు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పని బట్టలు బయటే మార్చుకుని లోపలికి వెళ్లండి, పిల్లలు ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకునేది అప్పుడే కదా.

ఇప్పటికే ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు బిగువు మాస్కు వాడే ముందు డాక్టరుని అడగండి. పని రోజుల్లో దగ్గు, ఆయాసం వచ్చి సెలవు రోజున తగ్గుతుంటే అది జలుబు కాకపోవచ్చు, పని వల్లే కావచ్చు. ఒకే వైపు ముక్కు వారాల తరబడి మూసుకుపోయినా, ముక్కు నుంచి మాటిమాటికీ రక్తం పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లగానే "నేను వడ్రంగి పని చేస్తాను, ఇన్నేళ్ల నుంచి మెషిన్ వాడుతున్నాను" అని మీరే చెప్పండి. డాక్టరు అడిగేదాకా ఆగొద్దు.