రాగి నిప్పట్లు: వేయించకుండా ఓవెన్‌లో తయారుచేసే విధానం

కోస్తాలో చెక్కలుగా పిలిచే పిండివంటను కార్వేటినగరంతో సహా చిత్తూరు ప్రాంతంలో నిప్పట్లు అంటారు. వేయించేటప్పుడు పిండిలోని నీరు ఆవిరై, ఆ ఖాళీలలోకి నూనె చేరుతుంది. గ్రాము పిండిపదార్థం 4 కిలోక్యాలరీలిస్తే, గ్రాము కొవ్వు 9 కిలోక్యాలరీలిస్తుంది. పదేపదే కాచిన నూనె మరింత హానికరం.

కావలసినవి: రాగిపిండి, బియ్యప్పిండి 100 గ్రా. చొప్పున, పుట్నాలపప్పు పొడి, వేయించి దంచిన వేరుశనగపప్పు 25 గ్రా. చొప్పున, నూనె 30 మి.లీ.; నువ్వులు, కారం, కరివేపాకు, ఉప్పు తగినంత.

తయారీ: పిండికి నూనె బాగా పట్టించి, వేడినీటితో ముద్ద చేయాలి. ఈ పిండ్లలో గ్లూటెన్ ఉండదు. వేడినీరు జిగురును, నూనె గుల్లదనాన్ని ఇస్తాయి. 2 మి.మీ. మందంగా ఒత్తి, పొంగకుండా ముల్లుచెంచాతో గుచ్చాలి. ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 170 డిగ్రీల సెల్సియస్ వద్ద 18-20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి కాల్చాలి. రాగి ముదురురంగు వల్ల మాడడం తెలియదు కనుక ఒకదానిని విరిచి పరీక్షించాలి. పూర్తిగా చల్లారిన తరువాతే గాలి చొరబడని డబ్బాలో భద్రపరచాలి.

జాగ్రత్తలు: బూజుపట్టిన, ముడుచుకున్న వేరుశనగ గింజలను తప్పక ఏరివేయాలి. వాటిలోని అఫ్లటాక్సిన్ వేయించినా పూర్తిగా నశించదు. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మి.గ్రా. కాల్షియం లభిస్తుంది. అయినప్పటికీ నూనె తగ్గిందని ఉప్పును, తినే పరిమాణాన్ని పెంచరాదు.