ఆక్సియాన్ వేటలో ఈసీఈ వాళ్లకూ చోటుంది

కృష్ణ పదార్థం మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న, 'ఉద్యోగం ఎక్కడ?' అని. అడగాల్సిన ప్రశ్నే. పుస్తకాలు చూసి మురిసిపోయే విద్యార్థులే దాన్ని దాటేస్తుంటారు.

విశ్వంలోని పదార్థంలో దాదాపు 85 శాతం ఏమిటో ఇప్పటికీ తేలలేదు; అదే కృష్ణ పదార్థం. దానికి గట్టి అభ్యర్థుల్లో ఆక్సియాన్ ఒకటి. 1977లో భౌతిక శాస్త్రవేత్తలు పెచ్చే, క్విన్ అసలు కృష్ణ పదార్థం జోలికే వెళ్లలేదు. ప్రబల కేంద్రక బలంలో సీపీ సౌష్ఠవం (కణాన్ని ప్రతికణంగా మార్చి, అద్దంలో చూసినా నియమాలు మారకపోవడం) ఎందుకు చెక్కుచెదరట్లేదన్న చిక్కుముడి విప్పబోయారు. వాళ్ల పరిష్కారం నిజమైతే ఓ కొత్త కణం ఉండి తీరాలని మరుసటి ఏడాది వైన్‌బర్గ్, విల్చెక్ విడివిడిగా చూపించారు. అదే ఆక్సియాన్.

ఇక వేట సంగతి. సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నడుస్తున్న ఏడీఎంఎక్స్ ప్రయోగంలో రాగిపూత వేసిన కేవిటీ ఒకటి బలమైన అయస్కాంతం మధ్యలో ఉంటుంది. ఆ అయస్కాంత క్షేత్రంలో ఆక్సియాన్ మైక్రోవేవ్ ఫోటాన్‌గా మారొచ్చని లెక్క. లోపలి కడ్డీలను వెంట్రుకవాసి తిప్పుతూ, రేడియోలో స్టేషన్ పట్టినట్టు, ఒక్కో పౌనఃపున్యం దగ్గర ఆగి వింటారు. వేడి వల్ల పుట్టే నాయిస్ తగ్గాలని కేవిటీని పరమ శూన్య ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీ లోపుకి చల్లబరుస్తారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం 2.66-2.81 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టుల ద్రవ్యరాశుల మధ్య జల్లెడ పట్టారు. కణం దొరకలేదు.

గమనించారా, ఇందులో సగం పని ఆర్ఎఫ్, క్రయోజెనిక్స్, సిగ్నల్ ప్రాసెసింగ్‌దే! ఈసీఈ చదివి ఫిజిక్స్ మీద మనసున్న వాళ్లకు నేనైతే ఈ దారే చెబుతాను. ఇక్కడ వాడే జోసెఫ్‌సన్ పారామెట్రిక్ యాంప్లిఫయర్లే సూపర్‌కండక్టింగ్ క్వాంటమ్ కంప్యూటర్లలోనూ ఉంటాయి. రేపు ఆక్సియాన్ దొరక్కపోయినా చేతిలో పని మిగులుతుంది.

థియరీ దారి ఇరుకు. క్వాంటమ్ ఫీల్డ్ థియరీ ఒంటబట్టాలి, పీహెచ్‌డీ తర్వాత రెండు మూడు పోస్ట్‌డాక్‌లు, అవీ చాలావరకు విదేశాల్లో. పర్మినెంట్ పోస్టులు తక్కువ. అయినా వదలనంటే ఎంపీసీ తర్వాత ఐసర్లకు ఐఏటీ (తిరుపతిలోనూ ఒక ఐసర్ ఉంది), నైసర్‌కు నెస్ట్ ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీకి జామ్. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్, జెస్ట్, టీఐఎఫ్ఆర్ పరీక్ష. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023లో పెంచిన లెక్క ప్రకారం నెలకు 37 వేలు, హెచ్ఆర్ఏ అదనం.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసిన వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారో కనుక్కోండి. గ్రూపు వెబ్‌సైట్‌లో లేకపోతే, అక్కడి సీనియర్లకు ఒక మెయిల్ పెట్టండి.