చైత్రమాసం - మాట బాకీ



చైత్రమాసం వచ్చిందంటే తొమ్మిది రోజుల్లో మనకు రెండు పండుగలు. పాడ్యమినాడు ఉగాది, నవమినాడు శ్రీరామనవమి. పచ్చడిలోని ఆరు రుచులను జీవితంతో పోల్చి చెప్పడం మనందరం విన్నదే గనుక ఆ జోలికి పోను. నేను రైతు బిడ్డను, చదివేది సైన్సు. ఈ రెండు పండుగలకూ ఆధ్యాత్మికంగా ఒకటే అర్థం ఉందని నాకు తోస్తుంది. అది ఇచ్చిన మాట నిలుపుకోవడం.

ముందు లెక్క చూద్దాం. చాంద్రమాసానికి సుమారు 29.5 రోజులు. పన్నెండు నెలలకు 354. సూర్యుడి లెక్కన ఏడాదికి 365 రోజుల పైచిలుకు. అంటే ఏటా దాదాపు 11 రోజులు బాకీ పడుతుందన్నమాట. అలాగే వదిలేస్తే ఎనిమిదేళ్ళకల్లా ఉగాది సంక్రాంతి చలిలోకి జారిపోతుంది. అప్పుడు వేపపువ్వూ దొరకదు, మామిడికాయా దొరకదు. అందుకే మన పెద్దలు సుమారు 32, 33 నెలలకొకసారి అధికమాసం చేర్చి ఆ బాకీ తీర్చే ఏర్పాటు చేశారు. లోటు ఎవరికైనా వస్తుంది. దాన్ని దాచకుండా లెక్కలో రాసుకుని తీర్చినవాడే మాటమీద నిలబడ్డవాడు.

ఒకప్పుడు పల్లెల్లో చాలాచోట్ల పాలేర్లు జీతానికి ఉగాది నుంచి ఉగాదికి కుదిరేవారు. కాగితం ఉండేది కాదు, అంతా నోటిమాట. నా చిన్నతనంలో ఒక ఏడు మా నాన్న, మా దగ్గర పనిచేసే పెద్దాయనకు ఐదు బస్తాల వడ్లు ఇస్తానన్నాడు. ఆ ఏడు వానలకు పంట పోయింది. ఉగాదినాడు రెండు బస్తాలు కొలిచి, "ఇంకా మూడు నీకు బాకీ" అని నలుగురిలో చెప్పాడు. మరుసటి కోతల్లో కళ్లంలోనే ఆ మూడూ కొలిచాకే మా ఇంటికి గింజ వచ్చింది.

అయితే అన్ని మాటలూ ఇలాంటివి కావు. పాత అప్పు చూపించి తండ్రినీ, ఆ తర్వాత కొడుకునూ పనికి కట్టిపడేసిన ఇళ్ళు కూడా ఉండేవి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అలాంటి అప్పులను రద్దు చేసింది. ఆకలి చూసి, భయపెట్టి అనిపించుకున్న మాటకు ధర్మం తోడు రాదు. ఇచ్చేవాడికి కాదనే స్వేచ్ఛ ఉంటేనే అది మాట.

ఇక నవమి. తన ప్రాణం కాపాడిన కైకేయికి దశరథుడు రెండు వరాలిచ్చాడు. ఆ మాట ఇచ్చింది తండ్రి, మోసింది రాముడు. పధ్నాలుగేళ్ళు అడవిలో ఉన్నాడు. మనం అంతగా తలుచుకోని ఘట్టం ఇంకొకటుంది. గడువు దాటితే అగ్నిలో దూకుతానని భరతుడు చిత్రకూటంలో అన్నాడు. రావణవధ అయ్యాక విభీషణుడు కొన్నాళ్ళు ఉండమన్నా రాముడు ఉండలేదు. తాను వస్తున్నట్టు హనుమంతుణ్ణి ముందుగా నందిగ్రామం పంపాడు. ఎదురు చూసేవాడి మనసు తెలుసుకోవడమే మాటకు ప్రాణమని నాకు అప్పుడు అర్థమయింది. నవమి పుట్టినరోజే అయినా, ఆ రోజు భద్రాచలంలోనూ మన ఊరి పందిట్లోనూ మనం చేసేది కల్యాణం. పెళ్ళంటే ఇద్దరు ఒకరికొకరు ఇచ్చుకునే మాటే గదా!

ఉగాదినాడు పంచాంగంలో మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని ఆత్రంగా వింటాం. మాట బాకీ ఎంతో అందులో ఉండదు, అది మనమే రాసుకోవాలి. తిరిగి ఇస్తానని స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న రికార్డు, కోతలకు వస్తానని అమ్మకు చెప్పిన మాట, మెస్ బిల్లుకు అడిగి తీసుకున్న చేబదులు. కొత్త సంకల్పాలు తర్వాత చెప్పుకుందాం. ముందు పాత బాకీల్లో ఒక్కటైనా తీర్చి పచ్చడి నోట్లో వేసుకుందాం.