300 రూపాయల సిగ్నల్ బూస్టర్ స్టిక్కర్: తాతయ్య ఫోన్‌లో కొలిచి చూశా

ఈసారి రివ్యూ చేసేది నేను కొన్న గ్యాడ్జెట్ కాదు, మా తాతయ్య కొన్నది. తెనాలి దగ్గర మా ఊళ్లో ఆయన గది ఇంటి వెనక వైపు ఉంటుంది. పైన స్లాబు, చుట్టూ లావుపాటి గోడలు. పోయిన నెల ఒక రాత్రి ఆయాసం వచ్చి, పక్క వీధిలో ఉండే బాబాయికి ఫోన్ చేస్తే నాలుగుసార్లూ కాల్ వెళ్లలేదు. చివరికి కర్రతో గోడ మీద కొడితే పక్కింటివాళ్లు లేచొచ్చారు.

ఆ తర్వాత ఆయనే బజారుకెళ్లి, ఫోన్ వెనక అతికించే బంగారు రంగు స్టిక్కర్ ఒకటి 300 పెట్టి తెచ్చుకున్నారు. నేను ఊరెళ్తే, "ఇప్పుడు నాలుగు గీతలొస్తున్నాయిరా" అని చూపించారు. వస్తున్నాయి నిజమే, కానీ అప్పుడు ఆయన కూర్చున్నది వీధి అరుగు మీద.

అసలు ఆ గీతల్ని నమ్మొద్దు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ కంపెనీలు ఎవరికి వాళ్లే పెట్టుకుంటాయి. చూడాల్సింది డీబీఎం అంకె. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే కనిపిస్తుంది. ఐఫోన్‌లో అయితే *3001#12345# డయల్ చేయాలి. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 10 తేడా అంటే సిగ్నల్ పవర్ పది రెట్లు మారినట్టు.

తాతయ్య మంచం మీద ఫోన్ ఒకే చోట పెట్టి, స్టిక్కర్‌తో పదిసార్లు, తీసేసి పదిసార్లు చూశా. ఉన్నప్పుడు మైనస్ 113 నుంచి 109 మధ్య ఆడింది. తీసేశాక 112 నుంచి 108 మధ్య. అంటే తేడా ఏమీ లేదు, ఊరికే ఉన్నా ఆ మాత్రం ఊగుతుంది. అదే ఫోన్ కిటికీలో పెడితే మైనస్ 101, డాబా మీద మైనస్ 90!

కారణం సింపుల్. ఆ స్టిక్కర్‌కి బ్యాటరీ లేదు, ఫోన్ యాంటెన్నాతో కనెక్షన్ లేదు. బయటి నుంచి పవర్ ఇవ్వకుండా సిగ్నల్‌ని ఏదీ పెంచలేదు. పైగా యాంటెన్నా పక్కన లోహపు రేకు పెడితే దాని ట్యూనింగ్ చెడి, ఉన్నది కూడా తగ్గొచ్చు.

మరి కరెంటుతో నడిచే బూస్టర్ బాక్సులు? అవి నిజంగానే సిగ్నల్‌ని పెంచుతాయి, గొడవంతా అక్కడే. చవక బాక్సులు సిగ్నల్‌తో పాటు నాయిస్‌ని కూడా పెంచి టవర్ వైపు తోస్తాయి. బయటి యాంటెన్నా, లోపలి యాంటెన్నా దగ్గరగా ఉంటే మైక్‌ని స్పీకర్ ముందు పెట్టినట్టు గీ పెడతాయి. మీకు ఒక గది బాగుపడొచ్చు, వీధిలో మిగతావాళ్ల కాల్స్ కట్ అవుతాయి. అందుకే మన దేశంలో లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీలు తప్ప ఇంకెవరూ వీటిని కొనకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. టెలికాం శాఖ 2022 జూలైలో ఈ సంగతి మళ్లీ గుర్తు చేసింది కూడా. అయినా ఆన్‌లైన్‌లో దొరుకుతూనే ఉన్నాయి, అది వేరే కథ.

ప్లే స్టోర్‌లో ఉండే బూస్టర్ యాప్స్ గురించి ఒక్క ముక్క: ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేయండి, మహా అయితే అవి చేసేదీ అంతే.

తాతయ్య సమస్య తీరింది వైఫై కాలింగ్‌తో. ముందు హాల్లో బాబాయి పెట్టించిన ఫైబర్ రౌటర్ ఎప్పటి నుంచో ఉంది. వెనక గదిలో మైనస్ 110 ఉన్న చోటే, సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేశాక కాల్ మొదటిసారికే వెళ్లింది. జియో, ఎయిర్‌టెల్ రెండూ దీనికి విడిగా చార్జ్ తీసుకోవు, అవతలివాళ్లకి మామూలు కాల్‌లాగే వెళ్తుంది. మీ మోడల్‌కి సపోర్ట్ ఉందో లేదో మాత్రం చూసుకోండి.

ఒక చిక్కుంది. మా ఊళ్లో రాత్రిళ్లు కరెంటు పోతుంది, దాంతో రౌటర్ కూడా ఆగిపోతుంది. అందుకని రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి తగిలించా. మంచాన్ని కూడా కిటికీ పక్కకి జరిపాం. స్టిక్కర్ మాత్రం తాతయ్య మళ్లీ అతికించుకున్నారు, 300 పెట్టి కొన్నదట.