మన యింటి యెదుటి గోడ



యెరూషలేము ప్రాకారము కట్టబడినప్పుడు కట్టుపని యెరుగని బంగారు పనివారును వర్తకులును రాళ్లెత్తిరి. షల్లూము తన కుమార్తెలతో కూడ వచ్చెను. అనేకులు తమ యింటి యెదుటి భాగమును బాగుచేసిరి (నెహెమ్యా 3వ అధ్యాయము).

మన పిల్లల బడియు అట్టి గోడయే. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసము ముప్పాతిక వంతు తలిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు. 2024 డిసెంబరు 7న మన రాష్ట్రమంతట ప్రభుత్వ బడులలో ఒకే దినమున తలిదండ్రుల సమావేశములు జరిగెను. పిలుపు పెరుగుచున్నది.

“చదువురాని మాకేమి తెలియును?” అని వెనుదీయకుడి. మధ్యాహ్న భోజనము రుచి చూచుటకును, మంచినీళ్లు, మరుగుదొడ్లు శుభ్రముగా నున్నవో లేవో చూచుటకును అక్షరములు అక్కరలేదు.

అయితే మండపేట చేలలో నాట్లు, కోతల వేళ బడికి వెళ్లుట యనగా ఆ పూట కూలి పోగొట్టుకొనుటయే. రాలేని తల్లికి బిడ్డమీద ప్రేమ లేదని తీర్పు తీర్చకుందము. ఆమెకు బదులుగా పొరుగువారొకరు వెళ్లి, విన్నది సాయంకాలము ఆమెకు చెప్పవలెను. సమావేశము పనివేళ దాటిన పిమ్మట పెట్టుడని ఉపాధ్యాయులను మర్యాదగా అడుగుదము.

కూడికలో ఆలోచించుటకు: మన పేటలో ఏ బిడ్డ తరపున బడికి వెళ్లువారు లేరు? ఈ నెల ఎవరు వెళ్లుదురు?