సూదిమొన – సేవాధర్మం

ఒర నుండి దూసిన కత్తి పని ముగిసిన పిదప తిరిగి ఒరను చేరుతుంది. కాని ఆసుపత్రిలో రోగి సిర నుండి వెలికి వచ్చిన సూది తన మూతను మళ్ళీ చేరరాదు. రోగికి చేసే సేవలో సేవ చేసేవారి రక్షణ కూడా అంతర్భాగమని ఈ చిన్న నియమం బోధిస్తుంది.

సెలైన్ గాని, మందు గాని నేరుగా రక్తంలోనికి పంపడానికి చేతి సిరలో అమర్చే సన్నని గొట్టమే కాన్యులా. సెలైన్ ఎక్కుతున్నంతసేపు చేతిలో సూది ఉంటుందని పలువురు భావిస్తారు. అది నిజం కాదు. సూది దారి చూపి తొలగిపోతుంది. మెత్తని ప్లాస్టిక్ గొట్టం మాత్రమే సిరలో నిలుస్తుంది.

చర్మం శరీరానికి కోటగోడ వంటిది. కాన్యులా ఆ గోడలో తెరచిన ద్వారం. ఆ ద్వారం గుండా మందుతోపాటు సూక్ష్మజీవులు కూడా ప్రవేశించగలవు. అందుచేత నర్సు మొదట రోగి పేరును అతని నోటనే విని నిర్ధారించుకోవాలి, చేతులు శుభ్రపరచుకోవాలి. గుచ్చవలసిన చోట క్రిమిసంహారక ద్రవం పూసి, పూర్తిగా ఆరేవరకు వేచి ఉండాలి. ఆరిన చోటును తిరిగి వేలితో తాకరాదు. తరువాత అక్కడ వాపు, ఎరుపు, నొప్పి కనిపిస్తే గొట్టాన్ని తొలగించాలి. అవసరం తీరిన కాన్యులాను ఒక్క పూటైనా అదనంగా ఉంచరాదు.

సూది వెలికి వచ్చిన క్షణం నర్సుకు పరీక్షాసమయం. రక్తసిక్తమైన ఆ మొనకు మూత తొడగబోయి వేలిని గుచ్చుకొన్నవారు ఎందరో! ఆ సూది హెచ్.ఐ.వి. ఉన్న రోగికి వాడినదైతే ఆ క్రిమి సోకే అవకాశం సుమారు వెయ్యికి 3. హెపటైటిస్-బి ఉన్న రోగికి వాడినదైతే, టీకా పొందనివారికి నూటికి 6 నుండి 30 వరకు. కనుక నర్సు టీకా పొంది ఉండాలి. చేతి తొడుగులు ధరించాలి. సూదిని వెంటనే చేరువలోని గట్టి డబ్బాలో వేయాలి. మన దేశంలో 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇందుకై తూట్లుపడని తెల్లని డబ్బాను నిర్దేశించాయి.

ప్రమాదవశాత్తు గుచ్చుకొంటే వేలిని పిండరాదు. సబ్బుతో, పారే నీటితో కడిగి, వెంటనే పై అధికారికి తెలపాలి. హెచ్.ఐ.వి. నివారణ మందులను 72 గంటలలోపే ప్రారంభించాలి. ఎంత త్వరగా అయితే అంత మేలు. మందలిస్తారన్న భయంతో గాయాన్ని దాచడం ఆత్మద్రోహం.

ద్రవం ఆరే ఆ కొద్ది క్షణాలలో నర్సును తొందరపెట్టకపోవడం రోగి బంధువుల ధర్మం. మనమందరం ఏదో ఒకనాడు ఆ మంచంపై చేయి చాపవలసినవారమే.

అర్థాలు: సిర = రక్తాన్ని గుండెకు చేర్చే నాళం; రక్తసిక్తం = రక్తంతో తడిసినది.

ప్రశ్నలు:
1. వాడిన సూదికి తిరిగి మూత ఎందుకు తొడగరాదు?
2. 'కాన్యులా కోటగోడలోని ద్వారం' – వివరించండి.
3. 'సూదిమొన' – విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి.